కాపరిని కాచేదెవరు?

జంషెడ్‌పూర్‌లో కాలాన్ని గడియారం కంటె షిఫ్టు బాగా కొలుస్తుంది. ఉదయం 6 గంటలకు ఎ షిఫ్టు, మధ్యాహ్నం 2 గంటలకు బి షిఫ్టు, రాత్రి 10 గంటలకు సి షిఫ్టు. పొయ్యి వెలిగించే వేళ, పిల్లలు చప్పుడు చేయకుండా ఆడుకోవలసిన వేళ, చుట్టాలు రాదగిన వేళ, అన్నీ ఇంటి యజమాని షిఫ్టును బట్టి ఏర్పడతాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషిని పగలు ఎవరూ లేపరు. గుమ్మంలోకి వచ్చినవారితో ఇల్లాలు "సి షిఫ్టు" అని ఒక్క మాట అంటే చాలు. వచ్చిన దారినే వెళ్లిపోతారు.

ఈ మర్యాద దక్కని ఇల్లు ఒకటున్నది. అది పాస్టరుగారి ఇల్లు. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి కబురు వస్తే ఆయన లేవాలి. తెల్లవారకముందే ప్రార్థనకు పిలిస్తే వెళ్లాలి. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు భార్యాభర్తల తగాదా ఒకటి గుమ్మమెక్కితే విస్తరి ముందు నుంచి లేచి ఆ మాట వినాలి. ఆయన ఏ షిఫ్టులో ఉన్నారని అడిగేవారు ఎవరూ లేరు. ఆయనకు షిఫ్టే లేదు.

ఇది విచిత్రంగా తోచడానికి కారణం ఈ ఊరి చరిత్రే. 1912 ఫిబ్రవరి 16న ఇక్కడి కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. అదే సంవత్సరం టాటా కంపెనీ ఎనిమిది గంటల పనిదినాన్ని అమలులో పెట్టింది. దేశంలోని చాలా కర్మాగారాలకు అటువంటి ఆలోచన కలలోనైనా రాని రోజులవి. జీతంతో కూడిన సెలవు, భవిష్యనిధి 1920లో వచ్చాయి. స్త్రీ కార్మికులకు ప్రసూతి సాయం 1928లో, గ్రాట్యుటీ 1937లో ప్రవేశపెట్టారు. అంతకు ముందే, 1902లో, జంషెడ్జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి రాసిన ఉత్తరంలో, కట్టబోయే నగరంలో దేవాలయాలకు, మసీదులకు, చర్చిలకు స్థలాలు కేటాయించమని కోరారు. చర్చికి స్థలం దొరికింది. చర్చిలో నిలబడి బోధించే మనిషికి విశ్రాంతి సంగతి ఏ ఉత్తరంలోనూ లేకపోయింది. దానికి టాటాలను తప్పుపట్టవలసిన పని లేదు. అది కంపెనీ బాధ్యత కాదు, సంఘం బాధ్యత.

ఎలుగుబంటి పేటలో తెలుగు

సాక్చికి దూరం కాని పేట భాలుబాసా. హిందీలో 'భాలు' అంటే ఎలుగుబంటి, 'బాసా' అంటే నివాసం. ఎలుగుబంట్లు ఎన్నడు పోయినవో గాని, కార్మికుల ఇళ్లు మాత్రం ఒకదానినొకటి ఆనుకొని నిలిచాయి. ఉక్కు పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చిన తెలుగువారు జంషెడ్‌పూర్‌లోని ఇటువంటి పేటలలో తరతరాలుగా కాపురముంటున్నారు. తమతో తమ దేవుళ్లను, తమ పాటలను, తమ ఆవకాయ జాడీలను తెచ్చుకున్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అట్లా వెలసినదే. వారిలో క్రైస్తవులు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని వెంట తెచ్చుకున్నారు. ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి 1803లో జన్మించినది పర్లాకిమిడి సీమలో. అంటే ఈ వలస కుటుంబాలలో చాలామందికి ఆయన ఊరివారి వంటివారే.

పరాయి రాష్ట్రంలో తెలుగు సంఘానికి కాపరి కావడమంటే, ఒక్క మతాధికారి పని చేయడం కాదు. తాతగారికి తెలుగులోనే ప్రార్థన చేయాలి. మనుమడికి తెలుగు మాట అర్థమవుతుంది గాని అక్షరం రాదు. అతనికి కీర్తన నేర్పాలంటే దేవనాగరి లిపిలో రాసి ఇవ్వాలి. పెళ్లి సంబంధానికి శ్రీకాకుళం జాబు రాయాలన్నా, ఊరిలో పోయిన బంధువు కబురు ముసలితల్లికి మెల్లగా చెప్పాలన్నా, రేషను కార్డులో తప్పు పడిన పేరును సరిచేయించాలన్నా, మొదట గుర్తుకు వచ్చేది అయ్యగారే. ఆంధ్ర దేశంలోనైతే నలుగురు కాపరులు నెలకొకసారి ఒకచోట చేరి, కష్టం సుఖం చెప్పుకొని, ఒక కప్పు టీ తాగి విడిపోవచ్చు. ఇక్కడి కాపరికి తెలుగులో మనసు విప్పి మాట్లాడే తోటి కాపరులు ఊరిలో ఏ కొందరో. అది దాటితే తెలుగువారు దండిగా ఉన్న రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కు వెళ్లాలి. అది సుమారు 135 కిలోమీటర్ల దూరం.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య అనే యువకుడు లేచి, పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు ఎంతో త్యాగం చేశారు గాని తమకు కావలసినది స్నేహమని చెప్పినప్పుడు సభ ఉలిక్కిపడింది. కాపరికి నేటికీ కొరతగా ఉన్నది అదే. ఆయనను గౌరవించేవారు వందమంది ఉంటారు. పాదాలకు నమస్కరించేవారు కూడా కొందరు ఉండవచ్చు. "ఈ వారం నాకు బోధించడానికి ఏమీ తోచడం లేదు" అని ఆయన చెప్పుకోగల మనిషి వారిలో ఒక్కడైనా ఉండడం అరుదు.

అప్పు చేసి సువార్త

ధనం సంగతి సంఘాలలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆధ్యాత్మిక విషయాల నడుమ జీతం మాట ఎత్తడం అమర్యాదగా భావిస్తారు. ఆ మౌనం వల్ల నష్టపోయేది ఎప్పుడూ కాపరి కుటుంబమే.

తెలుగు బాప్టిస్టుల చరిత్రలో దీనికి తొలి ఉదాహరణ చాలా పాతది. థామస్ గాబ్రియేలు టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగి. ఆ కాలంలో తెలుగువాడికి అది మంచి కొలువు. దానిని వదలుకొని, ఏ మిషను ఆసరా లేకుండా, కాకినాడ కేంద్రంగా స్వయంగా సువార్త పని ఆరంభించాడు. తన కుటుంబాన్నే గాక తనతో చేరిన బోధకులను కూడా పోషించవలసి వచ్చింది. దాని కోసం వ్యాపారం చేశాడు, అది కలసిరాలేదు. అప్పులు పెరిగాయి. చివరకు ఆ పనిని స్వీకరించమని కెనడా బాప్టిస్టులను వేడుకున్నాడు. 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ కాకినాడ చేరి ఆ భారాన్ని అందుకున్నాడు. 1875 జనవరి 1న, ఏడాదైనా నిండక మునుపే, గాబ్రియేలు పిన్న వయసులో కన్నుమూశాడు. కోస్తా ఉత్తర జిల్లాలలో కెనడియన్ బాప్టిస్టు మిషను పేరిట తరువాత లేచిన బడులు, ఆసుపత్రులు, సంఘాలు అన్నీ ఆయన అప్పుల మీద మొలిచినవే. ఆయనను అమరుడని కీర్తించడం సులభం. కాని ఆయనకు సకాలంలో నెలకింత అని నిర్ణయించి ఇచ్చినవారు ఉండి ఉంటే, మరో ఇరవై ఏళ్లు పనిచేసి ఉండేవాడేమో అన్న ఆలోచన రాకమానదు.

నేటి పరిస్థితి సంఘాన్ని బట్టి మారుతుంది. దక్షిణ భారత సంఘంలో గాని, 1970 నవంబరు 29న నాగపూరులో ఏర్పడిన ఉత్తర భారత సంఘంలో గాని పనిచేసే గురువుకు డయోసిస్ నిర్ణయించిన జీతం ఉంటుంది. దానితోపాటు కొన్నేళ్లకొకసారి బదిలీ, పిల్లల బడి మారడం ఉంటాయి. బాప్టిస్టు సంఘంలో కాపరిని పిలిచేదీ, జీతమిచ్చేదీ, సాగనంపేదీ స్థానిక సంఘమే. ఇక స్వతంత్ర సంఘాల కాపరికి ఆదివారపు కానుక పెట్టె ఎంత బరువైతే ఆ వారం బియ్యం అంత. వాన పడిన ఆదివారం ఆ ఇంటి కూర తగ్గుతుంది.

ఈ చివరి ఏర్పాటు ఎంత పలచనిదో 2020లో తేలింది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై ఆరాధనలు ఆగిపోయాయి. కానుక పెట్టె తెరచుకోలేదు. సంఘంలో మరణాలు మాత్రం ఆగలేదు. పదిమంది కూడ వీలులేని భూస్థాపనలకు కాపరి వెళ్లవలసే వచ్చింది. ఆ మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు ఒక్కసారి సాయంగా తలకు 5,000 రూపాయలు ఇచ్చింది. ప్రభుత్వం ఇవ్వవచ్చునా కూడదా అన్న వాదం వేరు. ఆ 5,000 రూపాయల కోసం ఎదురుచూడవలసిన స్థితిలో తమ కాపరి ఉన్నాడని ఎన్ని సంఘాలకు అంతకు ముందు తెలుసునన్నదే ఇక్కడి ప్రశ్న.

గోడకు అవతలి గది

విలియం కేరీ పేరు తెలుగువారికి పరాయిది కాదు. 1814లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి తెలుగు వ్యాకరణం వెలువరించిన ఘనుడాయన. ఎన్నో భారతీయ భాషలలోకి బైబిలును తెచ్చాడు. ఆయన జీవితచరిత్రలలో సాధారణంగా ఒకటి రెండు పేజీలలో ముగిసే వ్యక్తి ఒకరున్నారు. ఆమె ఆయన భార్య డొరొతీ.

ఇంగ్లండు వదలి రావడానికి ఆమె మొదట ఒప్పుకోలేదు. చంటిబిడ్డతో, బలవంతం మీద, 1793లో బయలుదేరింది. బెంగాలులో చేతిలో డబ్బు లేదు, నిలువ నీడ లేదు, జ్వరాలు, విరేచనాలు. 1794లో ముద్నాబాటిలో అయిదేళ్ల కొడుకు పీటర్ మరణించాడు. ఆ దెబ్బకు ఆమె మనసు చెదిరింది; మరల కుదుటపడలేదు. భర్త మీద అనుమానాలు, కేకలు, దాడి. పక్క గదిలో ఆమె అరుస్తూ ఉండగా కేరీ తన అనువాదం చేసుకుంటూ ఉండేవాడని నాటివారు రాశారు. 1807 డిసెంబరులో ఆమె శ్రీరాంపూర్‌లో మరణించింది. ఆ కాలంలో ఆ వ్యాధికి వైద్యం లేదు. ఆమెను పిచ్చాసుపత్రికి పంపక ఇంట్లోనే ఉంచుకున్నందుకు కేరీని మెచ్చుకోవాలి కూడా. అయినా ఆ గోడకు ఇవతల జరిగిన మహత్కార్యాన్ని తలచేటప్పుడు, గోడకు అవతలి గదిని మరచిపోకూడదు.

నేటి పాస్టరమ్మగారి కష్టం అంత ఘోరమైనది కాకపోవచ్చు. కాని ఆమెది వేతనం లేని ఉద్యోగం. సండే స్కూలు ఆమెదే, స్త్రీల కూటం ఆమెదే, ఊరి నుంచి వచ్చిన బోధకునికి భోజనం ఆమెదే. మంచి చీర కడితే కానుకల సొమ్మంటారు. పాత చీర కడితే సంఘం పరువు తీసిందంటారు. ఎవరి ఇంటికి ఎక్కువ వెళ్లినా మరొకరికి కోపం. బడిలో టీచరుగానో ఆసుపత్రిలో నర్సుగానో పనిచేస్తే ఇల్లు గడుస్తుంది. అప్పుడు సంఘానికి సమయం ఇవ్వడం లేదన్న నింద వస్తుంది. ఇక పిల్లలు. పక్కింటి పిల్లవాడు సినిమాకు వెళితే అది సినిమా. పాస్టరుగారి అబ్బాయి వెళితే అది కమిటీలో చర్చనీయాంశం. ఊరందరి పిల్లల కోసం ప్రార్థించే తండ్రి తన పిల్లవాడి పరీక్ష ఎప్పుడో మరచిపోయిన ఇళ్లు లేకపోలేదు. ఆ పిల్లవాడికి పెద్దయ్యాక చర్చి అంటే తండ్రిని తన నుంచి తీసుకుపోయిన చోటుగా కనిపిస్తే ఆశ్చర్యమేమున్నది?

దీనికి వేరు దారి ఉండవచ్చునని తెలుగు నేల మీదనే ఒకరు చూపారు. ఎడిన్‌బరోలో స్నేహం అడిగిన ఆ అజరయ్యే, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, దోర్నకల్లుకు బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకున్నారు. పల్లెలలో పనిచేయబోయే గురువులకు దోర్నకల్లులో శిక్షణ ఇచ్చేటప్పుడు, పురుషులను ఒంటరిగా రప్పించలేదు. భార్యాబిడ్డలతో సహా వచ్చి ఉండేవారు. భర్తలు వేదపాఠాలు చదువుతూ ఉంటే, అజరయ్యగారి భార్య అన్బు వారి భార్యలకు చదువు చెప్పేవారు. రేపు ఏ మారుమూల పల్లెలో కాపురం పెట్టినా, ఆమె కూడా తాను ఏ పనికి వచ్చిందో తెలిసి వచ్చిన మనిషే గాని, భర్త సామానుతో పాటు వచ్చిన మనిషి కాదు. సేవకు ఇద్దరినీ పిలిచినప్పుడు ఇద్దరినీ సిద్ధం చేయాలన్న ఈ సామాన్య సూత్రాన్ని మన వేదాంత కళాశాలలన్నీ ఇంకా పూర్తిగా అంగీకరించలేదు.

పోషణ విషయంలోనూ దోర్నకల్లు ఒక మార్గం కనిపెట్టింది. పేద పల్లెలలో రొక్కం లేదు. అందుచేత ప్రతి పూటా వండబోయే బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచి, దానిని సంఘానికి తెచ్చి ఇచ్చేవారు. ఇచ్చేది కూలి చేసుకొని బతికే మాల మాదిగ కుటుంబాలు. పిడికెడు బియ్యంలో లెక్క చిన్నది. దాని వెనుక ఉన్న క్రమం చిన్నది కాదు. కాపరి తిండి ఒకరి దయ మీద గాక, అందరి రోజువారీ అలవాటు మీద ఆధారపడింది.

నిద్ర, రొట్టె, నీళ్లు

మనసు అలసిపోవడం విశ్వాసం లోపించడమేనని నమ్మే సంఘాలు ఇంకా ఉన్నాయి. కాపరే అట్లా నమ్మితే మరీ ప్రమాదం. ఆయన ఎవరికీ చెప్పడు.

లండన్‌లో వేలమందిని కూర్చోబెట్టి బోధించిన చార్లెస్ స్పర్జన్ పేరు తెలియని బాప్టిస్టు ఉండడు. 1856 అక్టోబరు 19న సర్రే గార్డెన్స్ సంగీతశాలలో ఆయన ప్రసంగిస్తుండగా ఎవరో నిప్పు అని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22. ఇంట్లో నెల నిండిన కవల పిల్లలు. ఆ తరువాత ఆయనను జీవితాంతం విషాదం అప్పుడప్పుడు కమ్ముకుంటూనే ఉన్నది. విశేషమేమిటంటే, ఆ సంగతి ఆయన దాచలేదు. కాపరులు కాబోయే తన విద్యార్థుల ముందు నిలబడి, బోధకులకు ఇటువంటి కుంగుబాటు ఎందుకు వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. సంఘం కూడా ఆయన మాటను అర్థం చేసుకున్నది. చలికాలంలో ఫ్రాన్సులోని మెంటన్‌కు వెళ్లి విశ్రమించనిచ్చింది.

అలసటకు శాస్త్రం పేరు పెట్టినది చాలా ఆలస్యంగా. 1974లో అమెరికా మనస్తత్వ వైద్యుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఇతరులకు సేవచేసే వృత్తులలోనివారు లోపల కాలి బూడిదైపోయే స్థితిని వర్ణించాడు. తరువాత క్రిస్టినా మాస్లాక్ దానికి మూడు గుర్తులు చెప్పింది: తీరని బడలిక, ఎదుటి మనిషి మీద విసుగుతో కూడిన ఉదాసీనత, తాను చేసేదంతా వ్యర్థమన్న భావం. ఈ మూడింటిలో కాపరికి అన్నిటికంటె భయంకరమైనది రెండవది. మంచం పట్టిన మనిషి పక్కన కూర్చొని, నోటితో ప్రార్థన చేస్తూ, లోపల ఏమీ అనిపించకపోవడం. అది తెలిసిన కాపరి తనను తాను వేషధారి అనుకుంటాడు. నిజానికి అతడు వేషధారి కాడు, అలసినవాడు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన పరిశోధనలో, నార్త్ కరోలినా రాష్ట్రపు మెథడిస్టు కాపరులను 1,726 మందిని మరుసటి సంవత్సరం ప్రశ్నించారు. వారిలో స్థూలకాయం దాదాపు 40 శాతం. చుట్టుపక్కల జనంలో కంటె పది శాతం ఎక్కువ. డిప్రెషన్ 8.7 శాతం, దేశ సగటు 5.5 శాతం. మరింత ఆలోచింపజేసే సంగతి ఒకటి బయటపడింది. ఇన్ని జబ్బులున్నా, జబ్బు వల్ల మీ పనికి ఆటంకం కలుగుతున్నదా అని అడిగితే, సాధారణ జనం కంటె తక్కువమంది ఔనన్నారు. తమ శరీరం చెప్పే మాట వినకపోవడం వారికి అలవాటైపోయింది. మరొక సంస్థ, బార్నా, 2022 మార్చిలో జరిపిన విచారణలో అమెరికా కాపరులలో 42 శాతం మంది గడచిన ఏడాదిలో సేవను వదిలివేయాలని ఆలోచించినట్లు చెప్పారు. అమెరికా లెక్క అక్షరాలా మనకు అన్వయించదు. అక్కడి కాపరికి కారు ఉంటుంది, బీమా ఉంటుంది. అవి ఉన్నచోటనే ఇట్లా ఉంటే, లేనిచోట ఊహించుకోవచ్చు.

ప్రార్థన చాలదా అని అడిగేవారికి రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయమే జవాబు. కర్మెలు కొండ మీద అంత విజయం సాధించిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, ఎడారిలో బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. అతనికి మొదట ఉపదేశం రాలేదు. నిద్ర వచ్చింది. లేపి, కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చారు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టారు. మాటలు ఆ తరువాతనే.

నిద్రకు, రొట్టెకు లొంగని జబ్బుకు వైద్యుడున్నాడు. జంషెడ్‌పూర్‌వారికి రాంచీ దూరం కాదు. అక్కడి కాంకేలో కేంద్రీయ మనోరోగ చికిత్సాలయం 1918 నుంచి ఉన్నది. 'కాంకే వెళ్లాడు' అనడం ఈ ప్రాంతంలో ఎగతాళిగా మారింది గాని, ఎగతాళికి భయపడి చికిత్స మానుకోవడం తెలివి కాదు. ఊరు దాటకుండా, పేరు చెప్పకుండా మాట్లాడాలనుకునేవారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడే సౌకర్యమూ ఉన్నది. పరాయి రాష్ట్రంలోని తెలుగు కాపరికి ఈ చివరి మాట ముఖ్యం. దుఃఖాన్ని ఎవరూ హిందీలోకి అనువదించుకొని చెప్పుకోలేరు.

మామగారి సలహా

సంఘం చేయగలిగిన పనికి కూడా పాత ఉదాహరణే ఉన్నది. మోషే ఉదయం నుంచి సాయంకాలం దాకా ఒక్కడే కూర్చొని జనం తగవులు తీర్చడం చూసి, అతని మామ యిత్రో అది మంచి పద్ధతి కాదన్నాడు. ఇట్లా చేస్తే నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారన్నాడు. సమర్థులను ఏర్పరచి చిన్న వ్యవహారాలు వారికి అప్పగించమన్నాడు. ఈ కథలో సాధారణంగా గమనించని అంశం ఒకటున్నది. యిత్రో ఒంటరిగా రాలేదు. మోషే విడిచి ఉన్న భార్యను, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని వచ్చాడు. ముందు కుటుంబాన్ని అప్పగించి, తరువాత సలహా ఇచ్చాడు.

యిత్రో మాట మోషే విన్నాడు. అందరు కాపరులూ వినరు. ఇది కూడా చెప్పుకోవాలి. పల్పిటు మరొకరికి ఇస్తే తన స్థానం పోతుందని భయపడేవారు, కానుకల లెక్క నుంచి కుర్చీల వరుస వరకు తామే చూడాలనుకునేవారు ఉన్నారు. తమను ఎవరూ ఆదుకోవడం లేదన్న ఫిర్యాదు వారి నోటనే ఎక్కువగా వినబడడం ఒక తమాషా. తాను లేకపోతే సంఘం నడవదని నమ్మే కాపరికి విశ్రాంతి ఇవ్వడం ఎవరి వల్లనూ కాదు.

ఒప్పుకునే కాపరి విషయంలో చేయవలసినవి గొప్ప పనులు కావు. వారానికి ఒక రోజు, ఆదివారం కాని రోజు, ఆయనకు సెలవని సంఘమంతటికీ తెలియాలి. ఆ రోజు కబుర్లు అందుకోవడానికి ఇద్దరు పెద్దల ఫోను నంబర్లు చర్చి గోడ మీద ఉండాలి. మరణమైతే తప్ప ఆయనను పిలవకూడదు. ఈ ఏర్పాటు జంషెడ్‌పూర్‌లో అర్థం కానిది కాదు. వారాంతపు సెలవు మార్చుకోవడం, ఒకరి డ్యూటీ మరొకరు చూడడం అన్నది ఇక్కడి ప్రతి ఇంటికీ కరతలామలకం. జీతం ఎంతైనా కానివ్వండి, నెల మొదటి తేదీన బ్యాంకు ఖాతాలో పడాలి. కమిటీ కార్యదర్శి ఇంటికి వెళ్లి నిలబడి తెచ్చుకునేది కాకూడదు. ఏడాదికి కొన్ని రోజులు కుటుంబంతో సొంత ఊరికి వెళ్లిరావడానికి రైలు ఖర్చు సంఘం పెట్టుకోవాలి. అమెరికాలో లిల్లీ ధర్మసంస్థ 2000 నుంచి కాపరుల విశ్రాంతికి విరాళమిస్తూ, అందులో కాపరి లేని కాలంలో సంఘం నడవడానికి కూడా కొంత సొమ్ము కేటాయిస్తున్నది. అంత ధనం ఇక్కడ లేకపోవచ్చు. ఆ ఆలోచనకు ధనం అక్కరలేదు.

అన్నిటికంటె వాయిదా పడేది వృద్ధాప్యం. కాపరి జీవితమంతా సంఘం ఇచ్చిన ఇంట్లోనే ఉంటాడు. పదవి ముగిసిన నాడు ఆ ఇల్లు ఖాళీ చేయాలి. శాలువా కప్పుతారు, ఫోటో తీస్తారు, ఆ మరునాడు అద్దె ఇల్లు వెతుక్కోవాలి. ముప్పై ఏళ్లు ఉక్కు కరిగించినవాడికి ఉన్న భవిష్యనిధి, ముప్పై ఏళ్లు అతనికి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, భూస్థాపనలు జరిపినవాడికి లేదు. 2009 మే 1 నుంచి జాతీయ పింఛను పథకంలో సామాన్య పౌరులెవరైనా చేరవచ్చు. కాపరి పేర ఖాతా తెరచి, నెలనెలా సంఘం కొంత, ఆయన కొంత వేస్తే, ఆ మరునాటి భయం చాలావరకు తగ్గుతుంది. ఇప్పటికే విరమించినవారిలో 70 ఏళ్లు దాటినవారికి, ఆదాయంతో పని లేకుండా, 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం లభిస్తున్నది. ఆ కార్డు తీయించడానికి వృద్ధ కాపరి వెంట ఒక పూట వెళ్లగల యువకులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు.

చార్లెస్ స్పర్జన్ భార్య సుసన్నా చాలా ఏళ్లు రోగిగా ఇల్లు కదలకుండా గడిపింది. 1875లో భర్త కాపరి విద్యార్థులకు ఇచ్చిన ఉపన్యాసాల తొలి సంపుటం అచ్చు ప్రతి ఆమె చేతికి వచ్చింది. ఇంగ్లండులోని ప్రతి కాపరికీ దీనిని పంపగలిగితే బాగుండునన్నది. అయితే పంపు, ఎంత ఇస్తావని భర్త అడిగాడు. ఎన్నో ఏళ్లుగా అయిదు షిల్లింగుల క్రౌను నాణేలు చేతికి వచ్చినప్పుడల్లా ఆమె ఒక సొరుగులో దాస్తూ వచ్చింది. లెక్క చూస్తే అవి సరిగ్గా వంద ప్రతులకు సరిపోయాయి. ఆ వంద ప్రతులూ వెళ్లాయి. బదులుగా ఉత్తరాలు వచ్చాయి. ఏళ్ల తరబడి ఒక్క కొత్త పుస్తకమైనా కొనలేకపోయామని రాసిన కాపరులున్నారు. వాటిని చదివి ఆమె ఒక నిధి ఏర్పరచింది. పుస్తకాలు అడిగిన ఇళ్లలో బట్టలు కూడా లేవని తెలిసిన తరువాత, పుస్తకాల పార్సిళ్లతో పాటు బట్టలు, డబ్బు కూడా పంపసాగింది. 1903లో మరణించే వరకు, ఎక్కువ కాలం మంచం మీద నుంచే, ఆమె ఆ పని నడిపింది.